కాచినా పోని సీసం

కిందటి వానాకాలంలో మా నర్సులు అనంతగిరి మండలంలోని ఒక కొండ ఊరికి పిల్లల బరువులు చూడడానికి వెళ్ళారు. విరేచనాల గురించి మామూలుగా చెప్పే నాలుగు మాటలు చెప్పాక ఒక ముసలమ్మ అడిగింది: "సిస్టరమ్మా, మీరు చెప్పినట్టే నీళ్ళు కాచి తాగుతున్నాం. ఈ కొత్త గొట్టం నీళ్ళు మాత్రం మొదట్లో ఏదో వాసన వేస్తున్నాయి. కాస్తే అది కూడా పోతుందా?"

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ముప్పై ఏళ్ళుగా "కాచి చల్లార్చి తాగండి" అని చెప్పుకుంటూ వచ్చినవాళ్ళం. గొట్టం దేనితో చేశారో మేమెప్పుడూ అడగలేదు.

గెడ్డ నీటిలోని క్రిములు కాస్తే చస్తాయి. ఆ సలహాలో మార్పేమీ లేదు. మన కొండల్లో విరేచనాలు ఇప్పటికీ పిల్లల ప్రాణాలు తీస్తున్నాయి, కాబట్టి కాచడం మానవద్దు. సీసం మాత్రం క్రిమి కాదు, లోహం. ఎంత కాచినా చావదు. పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. దానికి రంగు, రుచి, వాసన ఉండవు. ముసలమ్మ చెప్పిన వాసన సీసానిది కాకపోవచ్చు, కానీ ఆమె అనుమానం సరైన చోటికే వెళ్ళింది.

సీసం అనే మాట మన రాష్ట్రంలో ఇంటింటికీ చేరింది 2020 డిసెంబరులో. ఏలూరులో ఐదు వందల మందికి పైగా ఫిట్స్, కళ్ళు తిరగడంతో ఆసుపత్రుల పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్తనమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణుల అనుమానం ఎక్కువగా పురుగుమందుల అవశేషాల మీదికి వెళ్ళింది. గొట్టాల నుంచి వచ్చే సీసం సాధారణంగా అలా ఒక్కసారిగా ఊరంతటినీ పడగొట్టదు. కొంచెం కొంచెంగా ఎముకల్లో చేరి కూర్చుంటుంది. బిడ్డ మందకొడిగా ఉండడం, చదువు ఎక్కకపోవడం, రక్తం తక్కువగా ఉండడం, తరచు కడుపునొప్పి, మలబద్ధకం: ఇవన్నీ వేరే కారణాల వల్ల కూడా వస్తాయి గనుక ఎవరికీ అనుమానం రాదు. ఒకే మోతాదు లోపలికి వెళ్ళినా పెద్దవాళ్ళకంటే చిన్నపిల్లల ఒంట్లోకి నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. గర్భిణీ ఎముకల్లో దాగిన సీసం కడుపులోని బిడ్డకు చేరుతుంది. ఇంత వరకైతే ప్రమాదం లేదు అని చెప్పదగిన హద్దు ఇప్పటివరకు తెలియదు. తాగునీటికి మాత్రం మన భారతీయ ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని చెబుతోంది.

పూర్వం రోమ్ నగరంలో నీటి గొట్టాలు సీసంతో చేసేవారు. మనం రోజూ వాడే "ప్లంబర్" అనే మాట కూడా లాటిన్‌లో సీసానికి ఉన్న పేరు నుంచి వచ్చిందే. అమెరికాలోని ఫ్లింట్ పట్టణంలో ఇప్పటి కాలంలోనూ అలాంటి గొట్టాలు భూమిలో ఉండేవి. 2014 ఏప్రిల్‌లో అక్కడ ఖర్చు తగ్గించుకోవడానికి వేరే నది నీటికి మారారు. గొట్టాలను తినెయ్యకుండా నీటిలో కలపాల్సిన మందు కలపలేదు. 2015లో మోనా హన్నా-అటీషా అనే పిల్లల డాక్టరు తన ఆసుపత్రి రికార్డులు తిరగేసి, పిల్లల రక్తంలో సీసం పెరిగిందని బయటపెట్టారు. ఆసుపత్రి రిజిస్టర్లు రాసే మాకు ఇది చదివితే చేతిలోని కలం బరువెక్కింది.

మన కొండల మీద సీసపు గొట్టాలు లేవు. ఊటనీరు ఎక్కువగా పీవీసీ గొట్టాల్లో దిగుతుంది. ప్లాస్టిక్ వేడికి చెడకుండా తయారీలో సీసపు లవణాలు కలిపే అలవాటు మన దేశంలో చాలాకాలం ఉంది. వాటిని తొలగించాలని కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. అంతకుముందు వేసిన గొట్టాలు మాత్రం భూమిలోనే ఉన్నాయి. ఇత్తడి కొళాయిల్లో కూడా కొంత సీసం ఉంటుంది. బొర్రా గుహల్లో నీరు సున్నాన్ని వదిలి రాళ్ళుగా పేర్చడం మీరు చూసే ఉంటారు. సున్నం ఎక్కువున్న నీరు గొట్టం లోపల కూడా అలాగే పొర కడుతుంది, అది కొంత అడ్డు. సున్నం లేని మెత్తని నీరు, పులుపు గుణమున్న నీరు లోహాన్ని త్వరగా కరిగిస్తాయి.

గొట్టాలతోనే కథ అయిపోలేదు. సంతలో ఓటి బిందెకు వేయించే మాటు చూడండి. ఆ మాటులో తగరంతోపాటు సీసం ఉండవచ్చు. ఇత్తడి గిన్నెలకు పూసే కళాయి అసలు తగరమే అయినా, సీసం చవక గనుక కల్తీ జరుగుతుంది. చింతపండు చారు అలాంటి గిన్నెలో రాత్రంతా ఉంచితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

మరి ఇంట్లో ఏం చేయాలి? రాత్రంతా గొట్టంలో నిలిచిన మొదటి నీటిని తాగడానికి పట్టకండి. గిన్నెలు తోమడానికి, మొక్కలకు వాడి, నీరు చల్లగా తాజాగా వచ్చాక బిందె పట్టండి. కొత్త గొట్టం వేసిన మొదటి వారాల్లో ఇది మరీ ముఖ్యం. గొట్టం కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, సీసం లేదన్న మాట చూసి అడగండి. మాటు వేసిన బిందెను బట్టలకు వాడుకోండి. క్యాండిల్ ఫిల్టరు సీసాన్ని ఆపుతుందని నమ్మకండి. ఊళ్ళో వాడే పరీక్ష కిట్లలో సాధారణంగా సీసం పరీక్ష ఉండదు. అనుమానముంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌కు నమూనా పంపమని పంచాయతీని అడగండి. పిల్లలకు చోడి అంబలి, ఆకుకూరలు పెట్టండి. ఒంట్లో సున్నం, ఇనుము తక్కువైతే సీసం ఎక్కువగా లోపలికి వెళుతుంది.

ఇక మా సంగతి. పిల్లల వార్డులో ఏళ్ళ తరబడి తెల్లవారుజామున పాత ఇత్తడి కొళాయి తిప్పి, వచ్చిన మొదటి నీటినే కాచి ఓఆర్ఎస్ కలిపేవాళ్ళం. ఎవరూ చెప్పలేదు, మేమూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆయమ్మ ఐదున్నరకు కొళాయి తిప్పి ముందు నేల తుడిచే బకెట్టు నింపుతుంది, తర్వాతే తాగునీటి కుండ పెడుతుంది. ఆ ముసలమ్మ ఊరికి వచ్చే నెల మళ్ళీ వెళుతున్నాం. ఈసారి రెండు ఖాళీ సీసాలు, ల్యాబ్ చీటీ వెంట తీసుకువెళుతున్నాం.