తుపాను హెచ్చరికలో ఏ రంగుకు ఏం చేయాలి?

తుపాను అనగానే ‘పోర్టుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అంటూ టీవీల్లో స్క్రోలింగ్ వస్తుంది. ఆ నంబర్లు ఓడలు, పడవల కోసం. తీర గ్రామాల్లో ఉండే మీరు గమనించాల్సింది వాతావరణ శాఖ ఇచ్చే రంగులను.

పసుపు: తీరంలో వాతావరణం చెడడానికి కనీసం 48 గంటల ముందు ఇస్తారు. వేటకు వెళ్లొద్దు. ఆధార్, పాసుపుస్తకం, మందులు ప్లాస్టిక్ కవర్లో కట్టిపెట్టుకోండి.

నారింజ: 24 గంటల ముందు ఇస్తారు. అధికారులు ఖాళీ చేయమంటే వెలుతురు ఉండగానే పునరావాస కేంద్రానికి వెళ్లండి. పశువుల పలుపులు విప్పేయండి.

ఎరుపు: తీరం దాటడానికి సుమారు 12 గంటల ముందు ఇస్తారు. బయట తిరగొద్దు. గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుపాను పోయిందనుకోవద్దు. అది తుపాను కన్ను కావచ్చు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి మళ్లీ పెనుగాలి వీస్తుంది.

‘మాది డాబా ఇల్లే కదా’ అని ఆగిపోవచ్చా?

వద్దు. గాలికి తట్టుకున్న డాబా కూడా ఉప్పెనలో మునిగిపోవచ్చు. 1977 నవంబరు 19న దివిసీమలో వేల మందిని బలిగొన్నది ప్రధానంగా ఉప్పెనే. ఆ తర్వాతే తీరం వెంట తుపాను షెల్టర్ల నిర్మాణం ఊపందుకుంది. 2014లో హుద్‌హుద్ విశాఖను అతలాకుతలం చేసినా రాష్ట్రంలో మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. లక్ష మందికి పైగా ముందే ఇళ్లు వదలడం ఇందుకు పెద్ద కారణం.

ఏపీలో అత్యవసర సాయానికి 112 లేదా 1070కి ఫోన్ చేయండి.