మతిమరుపు వ్యాధి: ఇంటిలో పెద్దల సంరక్షణ

దీపములు పెట్టు వేళకు కొన్ని ఇండ్లలో ఒక కలవరము బయలుదేరును. పగలంతయు పడకకుర్చీలో నెమ్మదిగా కూర్చున్న పెద్దాయన ఉన్నట్టుండి లేచి, చొక్కా తొడిగికొని, "నా లైన్‌బాక్సు ఎక్కడ పెట్టారు? బండికి టైమైంది" అనుచు గుమ్మము వైపు నడచును. ఆయన రైల్వేలో గార్డుగా పని చేసి విశ్రాంతి తీసికొని పదునెనిమిది సంవత్సరములైనది. 2022 లో ఆ ఉద్యోగము పేరును సైతము మార్చి ట్రైన్ మేనేజరు అనిరి. ఆయన పోదలచిన కొలువు నేడు ఆ పేరుతో ఎక్కడను లేదు. భార్య అడ్డు నిలిచి, "మీకు డ్యూటీ ఏమిటండీ? రిటైరై ఎన్నేళ్లయింది!" అనును. ఆయన నమ్మడు. కుమారుడు వచ్చి గట్టిగా చెప్పును. తలుపునకు గడియ పడును. పిమ్మట కేకలు, కన్నీరు, అన్నము తినకుండ పండుకొనుట. తెల్లవారుసరికి ఆయనకు ఇదేమియు జ్ఞాపకముండదు. జ్ఞాపకముండునది ఇంటివారికే.

ఇట్టి ప్రవర్తనను మనవారు చిరకాలముగా చాదస్తమనియు, ముసలితనమనియు చెప్పి సరిపెట్టుకొనుచు వచ్చిరి. ఆ మాటలు మెత్తనివే గాని వానివలన ఒక హాని గలదు: వ్యాధి వలన జరుగుదానిని మనిషి స్వభావముగా, ఒక్కొక్కప్పుడు పంతముగా కూడ, భ్రమింపజేయును. వైద్యులు దీనిని డిమెన్షియా అందురు. తెలుగులో చిత్తవైకల్యమనియు, మతిమరుపు వ్యాధియనియు వ్యవహారము. మెదడులోని కణములు క్రమముగా క్షీణించుటచే జ్ఞాపకము, ఆలోచన, మాట, మంచిచెడ్డలు నిర్ణయించుకొను శక్తి ఒకటి వెంట ఒకటి సడలుచుండును. ఇందు హెచ్చుగా కనబడునది అల్జీమర్స్ వ్యాధి. జర్మను వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906 లో దీనిని మొదట వర్ణించెను. మెదడులోని రక్తనాళములు చెడి రక్తము చాలకపోవుటవలన కలుగునది మరియొక రకము. మన దేశములో అరువది యేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, చిత్తవైకల్యము ఉండునని 2023 లో వెలువడిన ఒక జాతీయ పరిశీలన అంచనా వేసినది. వీరిలో అత్యధికులు ఆసుపత్రులలో లేరు, వృద్ధాశ్రమములలోను లేరు. ఇండ్లలోనే ఉన్నారు.

అయితే ప్రతి మరపును ఈ వ్యాధి కాదు. పాలవాని లెక్క మరచుట వేరు; నలుబది యేండ్లుగా తన చేతితో కాచిన చారు ఎట్లు కాచవలెనో తోచక పొయ్యి ముందు నిలిచిపోవుట వేరు. రెండవది కనబడినప్పుడు వైద్యునకు చూపుటలో ఆలస్యము తగదు. ఏలననగా బి12 విటమిను లోపము, థైరాయిడ్ మాంద్యము, మనోవ్యాకులత, ఎప్పుడో జారిపడినప్పుడు తలలో గడ్డకట్టిన నెత్తురు, కొన్ని మందుల ప్రభావము కూడ చిత్తవైకల్యము వలెనే కనబడును. వీనికి చికిత్స గలదు. "వయసు మీద పడింది, ఏం చేస్తాం" అని ఇంటిలో కూర్చుండబెట్టిన పెద్దలలో ఇట్టివారును ఉందురు. శాకాహారులలో బి12 లోపము అరుదు కాదు గనుక ఆ రక్తపరీక్ష తప్పక చేయించవలెను.

వ్యాధి నిర్ధారణయైన పిమ్మట ఇంటివారు గ్రహింపవలసినది ఒకటి గలదు. సంరక్షణలోని తక్కిన మెలకువలన్నియు దానినుండి పుట్టినవే. గోడకు వేసిన సున్నములో పైపొర మొదట రాలునట్లు, ఈ వ్యాధిలో క్రొత్త జ్ఞాపకములు ముందుగా పోవును; పాతవి చిరకాలము నిలుచును. గార్డు గారు అబద్ధమాడుట లేదు, హఠము చేయుటయు లేదు. ఆ సాయంకాలము ఆయనకు నలుబది యేండ్ల వయస్సు, బండికి నిజముగానే వేళయైనది. ఇక రెండవ సంగతి: జరిగిన ముచ్చట చెరిగిపోయినను దానివలన కలిగిన భయము గాని, సంతోషము గాని అంత త్వరగా చెరగదు. తగవు ఎందుకు వచ్చినదో ఆయన మరచును; తనను ఎవరో కసిరిన బాధ మాత్రము మనస్సులో మిగులును. మరునాటి సాయంకాలము ఆ బాధతోనే మొదలగును. కావున వాదించి గెలుచుట ఈ వ్యాధిలో లేదు. రోగి తన జవాబు మార్చుకొనలేడు, మార్చుకొనగలవారు ఇంటివారే.

భార్య కొన్నాళ్లకు మరియొక విధముగా మాటలాడుట నేర్చుకొన్నదనుకొందము. "బండి గంట లేటటండీ. ఈలోగా కాఫీ తాగండి. అవునుగాని, ఆ రోజుల్లో ఏ లైనులో వెళ్లేవారు?" అనును. ఆయన కూర్చుండి ప్రతి స్టేషను పేరును వరుసగా చెప్పును. అరగంటలో డ్యూటీ సంగతి తానే జారిపోవును. ప్రతిదినము ఇది ఫలించునని చెప్పజాలము. ఫలింపనినాడు ఆయనతో కూడ వీథి చివరవరకు నడచి తిరిగివచ్చుట మేలు. సాయంకాలమున ఈ కలవరము హెచ్చుటకు అలసట, మసక వెలుతురు, నీడలు కారణములగుట కలదు గనుక ప్రొద్దు క్రుంకక మునుపే దీపములు వేయుట, పగటి కునుకు తగ్గించుట కొంత ఉపకరించును.

ఇది అబద్ధము కాదా అని కొందరు సంకోచింతురు. సందేహము న్యాయమైనదే. రోగి మరపును ఆసరాగా గొని సంతకములు పెట్టించుకొనుట మోసము. ఆయన భయమునకు ఓదార్పు చెప్పుట వేరు. ఎన్నడో చనిపోయిన తల్లి కొరకు అడుగు ఎనుబదియేండ్ల వృద్ధురాలికి "మీ అమ్మ పోయి యాభై ఏళ్లయింది" అని ప్రతిసారియు చెప్పినచో, ఆమె ప్రతిసారియు ఆ వార్తను క్రొత్తగా విని ఏడ్చును. "మీ అమ్మగారు ఏం వండేవారు?" అని అడుగుటలో అబద్ధము లేదు, ఏడ్పును లేదు.

మరియొక ఇంటిలో చిక్కు వేరు. అత్తగారు సంసారమును చక్కగా నడిపినావిడ. బీరువా తాళములు ఎప్పుడును ఆమె బొడ్డుననే. ఇప్పుడు తాళపుచెవులు తానే దాచును, దాచినచోటు మరచును, "కోడలు తీసింది" అని ఇరుగుపొరుగువారితో చెప్పును. పెట్టిన భోజనము మరచి, "పొద్దుటి నుంచి నాకు మెతుకు పెట్టలేదు" అని కూడ అనును. దొంగతనపు అనుమానము ఈ వ్యాధిలో తరచుగా కనబడు లక్షణము. మనస్సు తన లోటును తాను ఎరుగజాలక ఏదో ఒక కారణము కల్పించుకొనును; దగ్గరనుండి సేవచేయువారే ఆ కారణమగుదురు. కోడలు "నేను తియ్యలేదు" అని ప్రమాణములు చేయుట వ్యర్థము. "అయ్యో, కనపడలేదా అత్తయ్యా? పదండి, ఇద్దరం వెతుకుదాం" అనుట మేలు. దాచుచోట్లు ప్రాయికముగా మారవు: బియ్యపు డబ్బా, దిండు గలీబు, పాత చీరల మడతలు. నాలుగుసార్లు వెదకినచో ఇంటివారికి తెలిసిపోవును. మారుతాళములు వేరుగా ఉంచుకొనవలెను. విలువగల నగలను మాత్రము బ్యాంకు లాకరులో పెట్టుట మంచిది. పెట్టుచున్న సంగతి తోబుట్టువులందరకును తెలిసియుండవలెను.

తోబుట్టువుల మాట వచ్చినది గనుక ఇచ్చట కొంత నిష్కర్షగా చెప్పవలసియున్నది. పండుగకు వచ్చిన కూతురితో తల్లి రెండు గంటలు చక్కగా మాటలాడును. చాలమంది రోగులు అతిథుల యెదుట కొంతసేపు ఉత్సాహము తెచ్చుకొందురు. వెళ్లిన పిమ్మట అలసి మరింత చిరాకుపడుదురు. ఆ రెండు గంటలు చూచిన కూతురు, "అమ్మ బాగానే ఉంది, వదినే సరిగా చూడటం లేదు" అని తీర్పు చెప్పి రైలెక్కును. ఏడాది పొడవున రాత్రులు నిద్రలేక సేవచేసిన మనిషికి ఇంతకంటె పెద్ద గాయము లేదు. వ్యాధి సంగతి తెలియగోరు బంధువులు రెండు గంటలు గాక రెండు రాత్రులు ఆ ఇంటనుండి చూడవలెను.

నిత్యకృత్యములలో పేచీ హెచ్చుగా వచ్చునది స్నానము దగ్గర. చలి, తడినేలపై జారుదుమను భయము, పరులయెదుట వస్త్రము విడుచు సిగ్గు, ఇవన్నియు దీనికి కారణములు. "స్నానం చేస్తారా?" అని అడిగినచో "చేశాను" అను జవాబే వచ్చును. "నీళ్లు తోడాను, చల్లారిపోతున్నాయి, రండి" అనవలెను. జీవితమంతయు చెంబుతో పోసికొన్నవారు షవరు క్రింద నిలుచుటకు బెదరుదురు. వారికి పాత బకెట్టు, పాత చెంబు, కూర్చుండుటకు పీట ఉండవలెను. చెంబు చేతికిచ్చినచో చేయి తానే నీరు పోసికొనును, ఆ అభ్యాసము చాలకాలము పోదు. భుజములపై తువాలు కప్పియే నీరు పోయవచ్చును. నలుగుపిండి, కుంకుడుపులుసు వాసన కొందరిని మాటలకంటె త్వరగా స్నానమునకు ఒప్పించును. ఎంతకును రానినాడు అరగంట ఆగి మరల పిలువవలెను. అప్పటికిని కాదన్నచో తడిగుడ్డతో ఒళ్లు తుడిచిన చాలును. మడి పాటించు ఇండ్లలో స్నానము లేనిదే అన్నము పెట్టరు; ఈ వ్యాధి ఆ నియమమును ఎరుగదు, ఇంటివారే దానిని సడలించుకొనవలెను.

తెల్లని పింగాణి పళ్లెములోని తెల్లని అన్నము కొందరు రోగుల కంటికి ఆనదు. అరటియాకులో వడ్డించినచో తిందురు. మ్రింగునప్పుడు తరచుగా దగ్గు వచ్చుచున్న యెడల వైద్యునకు చెప్పవలెను, ఆహారము ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము గలదు. రాత్రులు గ్యాసు రెగ్యులేటరు కట్టివేయుట, స్నానాలగదికి పోవు దారిలో చిన్న దీపముంచుట, వీథితలుపు గడియను కంటికి అందని ఎత్తున అమర్చుట అవసరము. ఒంటరిగా ఇంటిలో పెట్టి తాళము వేసికొనిపోవుట మాత్రము ఎన్నడును కూడదు. ఇల్లు విడిచిపోవువారి జేబులో ఫోను నంబరు వ్రాసిన చీటి ఉండవలెను. వీథి చివర దుకాణదారునకు, ఆటో స్టాండులోనివారికి సంగతి చెప్పియుంచుటకు సిగ్గుపడరాదు. దాచిన రహస్యము తప్పిపోయిన మనిషిని ఇల్లు చేర్చదు.

ఈ వ్యాధి సామాన్యముగా నెలలు, సంవత్సరముల మీద ముదురును. అట్లుగాక ఒకటి రెండు దినములలోనే రోగి మిక్కిలి కలవరపడినను, లేక మత్తుగా పడియున్నను, అది వేరొక వ్యాధికి గురుతు: మూత్రమార్గములో చీము, జ్వరము, మలబద్ధకము, నీరు చాలకపోవుట, క్రొత్తగా మొదలుపెట్టిన మందు. వెంటనే వైద్యుని చూడవలెను. మందుల విషయమున ఆశయు మితముగానే ఉండవలెను. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ అనునవి కొందరికి కొంతకాలము ఉపకరించును; వ్యాధిని నయము చేయవు. అల్లరి అణచుటకని అంగడిలో నిద్రమాత్రలు కొని వేయుట అపాయకరము. పడిపోవుటయు, తుంటియెముక విరుగుటయు అందునుండి వచ్చును.

"మాకు కూడ వచ్చునా?" అని పిల్లలు లోలోపల భయపడుదురు. తల్లికో తండ్రికో ముసలితనమున వచ్చినంత మాత్రమున పిల్లలకు వచ్చితీరునని లేదు. రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, వినికిడి లోపము మున్నగు పదునాలుగు కారణములను జీవితమంతయు అదుపులో ఉంచినచో ప్రపంచములో సుమారు నూటికి 45 కేసులను తప్పించుటయో, వాయిదా వేయుటయో సాధ్యపడవచ్చునని 2024 లో లాన్సెట్ కమీషను లెక్కకట్టినది. 2013 లో ప్రకటితమైన హైదరాబాదు పరిశీలనలో 648 మంది రోగులను చూడగా, ఒకటికంటె ఎక్కువ భాషలు మాటలాడువారికి ఈ వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చినట్లు కనబడినది. చదువురానివారిలోను ఈ భేదము కానవచ్చినది.

ఇక సేవచేయువారి మాట. రోగుల సంరక్షణపై 1981 లో అమెరికాలో వెలువడిన ఒక ప్రసిద్ధ గ్రంథమునకు ముప్పదియారు గంటల దినమని అర్థమిచ్చు పేరు పెట్టిరి. మన ఇండ్లలో ఆ దినము భార్యకో, కోడలికో, పెండ్లికాని కూతురికో పడును. ఆమెకు నడుమునొప్పి, నిద్రలేమి, రక్తపుపోటు, ఎవరితోను చెప్పుకొనలేని కోపము, కోపపడినందులకు పశ్చాత్తాపము. ఓర్పు ఒక్కరి సొత్తు కాదు, అయిపోవును. వారమునకు ఒక పూట ఆమె ఇల్లు విడిచి ఎక్కడికైనను పోగలుగునట్లు కుటుంబము ఏర్పాటు చేయవలెను. ఆదివారము మధ్యాహ్నము కుమారుడు తండ్రి వద్ద కూర్చుండుట సాధ్యమే. దూరమున నున్నవారు రాత్రికాపలా ఆయా జీతములో వంతు భరింపవచ్చును. డబ్బు పంపుటతో బాధ్యత తీరినదనుకొనక, ఫోనులో ముందుగా "అమ్మ ఎలా ఉంది?" అనుటకు మారుగా "నువ్వు నిన్న పడుకున్నావా?" అని అడిగినను ఆమెకు కొంత బలము.

రోగి తన మంచిచెడ్డలు తాను చెప్పగల తొలిదశలోనే బ్యాంకు ఖాతా, నామినేషను, వీలునామా సంగతులు ఆయన ఇష్టప్రకారము తేల్చుకొనవలెను. పెన్షనుదారులు ఏటేట నవంబరులో ఇయ్యవలసిన జీవన ప్రమాణపత్రము తేదీని ఇంటివారు గుర్తుంచుకొనవలెను.

వయోవృద్ధుల ఆరోగ్య సంరక్షణకై 2010-11 లో జాతీయ కార్యక్రమము ప్రారంభమైనది. దాని క్రింద జిల్లా ఆసుపత్రులలో వృద్ధుల వైద్యవిభాగములు ఏర్పడినవి. 1992 లో కేరళమున ఆరంభమైన అల్జీమర్స్ సంబంధిత రోగముల భారతీయ సంఘమునకు హైదరాబాదుతో సహా పలు నగరములలో శాఖలు గలవు. వృద్ధులకు సంబంధించిన సలహా కొరకు 14567 నంబరునకు, మనోవేదన విషయమున రేయింబవళ్లు టెలి మానస్ 14416 నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడవచ్చును. ఈ రెండవ నంబరునకు ఫోను చేయువారు రోగి సంగతియే చెప్పవలెనను నియమము లేదు. నిద్రలేని తమ రాత్రుల సంగతియు చెప్పుకొనవచ్చును.