జకార్తాలో నెగ్గిన హైదరాబాదు మాస్టారు!

'మైదాన్' ఆట వదిలాక గుంపులో బయటికొస్తుంటే, నా ముందు నడుస్తున్న కుర్రాడు పక్కవాడితో అన్నాడు: "అంతా కల్పనేరా! నిజంగా ఇంత డ్రామా ఎక్కడ జరుగుతుంది?"

ఆపి చెబుదామనుకునేలోగా జనంలో కలిసిపోయాడు. అందుకే ఇక్కడ చెబుతున్నా!

2024లో వచ్చిన ఆ హిందీ చిత్రంలో అజయ్ దేవగణ్ ధరించిన పాత్ర సయ్యద్ అబ్దుల్ రహీమ్ ది. మన హైదరాబాదాయనే! 1909లో పుట్టారు. ఉస్మానియా విద్యార్థిగా ఫుట్‌బాల్ ఆడారు, తర్వాత బడిపంతులయ్యారు. కానీ ఆడినదానికంటే ఆడించడంలోనే మొనగాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు పగ్గాలు పట్టగానే, వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు మనదే!

భారత జట్టుకీ ఆయనే గురువు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 చావుదెబ్బ. మనవాళ్లు చాలామంది వట్టికాళ్లతో ఆడేవాళ్లు మరి! 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి నాలుగో స్థానం.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్‌ది పేద కుటుంబం. ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిలుకి రహీమ్ సాబే డబ్బులిచ్చారట! ఆ బలరామే తర్వాత దేశం గర్వించే ఫార్వర్డ్.

ఇక అసలు క్లైమాక్స్, 1962 జకార్తా. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. మన క్రీడాధికారి ఒకరి మాటలకి మండిపడ్డ ఊరి జనం, మన జట్టు కనిపిస్తే చాలు, అరుపులూ గోలా! అప్పటికే గురువుగారి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్.

ఆయన ఏం చేశారనుకున్నారు? కుట్లు పడ్డ జర్నైల్‌ని కూర్చోబెట్టలేదు సరికదా, ఫార్వర్డ్‌గా ముందుకి తోశారు! సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. సుమారు లక్షమంది ఎదురుజనం. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1, స్వర్ణం!

ఏ రచయితైనా ఇలా రాసుకొస్తే, "అతి చేశావయ్యా" అని నిర్మాత కొట్టిపారేసేవాడు.

తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, రహీమ్ సాబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకి మళ్లీ రాలేదు.

ఇంతకీ ఆ కుర్రాణ్ణి తప్పుపట్టే అర్హత నాకూ లేదు లెండి. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. ఆయన పేరు నాకూ బొంబాయి సినిమావాళ్లు చెబితేనే తెలిసింది!