బహుళ లైన్ల టెలిఫోను

బహుళ లైన్ల టెలిఫోను అనగా రెండు లేదా అంతకంటె ఎక్కువ టెలిఫోను లైన్లను ఒకే పరికరం ద్వారా వాడుకొనుటకు వీలు కల్పించే బల్లఫోను. ప్రతి లైనుకు ఒక మీట, ఒక చిన్న దీపం ఉంటాయి. దీపం నిలకడగా వెలిగితే ఆ లైను వాడుకలో ఉన్నదని, మిణుకుమంటే ఎవరో పిలుస్తున్నారని లేదా హోల్డులో వేచియున్నారని అర్థం. సెల్‌ఫోన్ల రాకతో వీటి వాడుక తగ్గినప్పటికీ, ఒకే నంబరుతో చిరకాలంగా ఖాతాదారులకు పరిచయమైన దుకాణాలలో, వైద్యశాలలలో, చిన్న కార్యాలయాలలో ఇవి ఇప్పటికీ ఉపయోగపడుతున్నవి.

చరిత్ర

1876లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోనుకు పేటెంటు పొందాడు. భారతదేశంలో 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు ప్రారంభమైనవి. మూడు లైన్లు కావలసినచోట బల్లపై మూడు ఫోన్లు పెట్టుకొనే ఇబ్బందిని తొలగించుటకు, అమెరికాలోని బెల్ వ్యవస్థ 1938లో 1ఏ అనే కీ టెలిఫోను వ్యవస్థను ప్రవేశపెట్టింది. మన దేశంలో 1984లో స్థాపించబడిన సి-డాట్ సంస్థ స్వదేశీ ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలను రూపొందించింది. ఇంటర్నెట్ ఫోన్లకు ఆధారమైన సిప్ నియమావళి 1999లో వెలువడింది.

రకాలు

* రెండు లైన్ల ఫోను: లైన్లు నేరుగా ఫోనులోకే వస్తాయి. వేరే యంత్రం అక్కరలేదు.
* ఈపీఏబీఎక్స్ లేదా కీ ఫోను వ్యవస్థ: బయటి లైన్లన్నీ గోడకు అమర్చిన ఒక పెట్టెలోకి వస్తాయి. అక్కడి నుండి ఎక్స్‌టెన్షన్లకు తీగలు వెళతాయి. ఒక గది నుండి మరొక గదికి ఖర్చు లేకుండా మాట్లాడవచ్చును.
* ఐపీ ఫోను: కంప్యూటర్ల నెట్‌వర్కు తీగపైనే పనిచేస్తుంది. తగిన స్విచ్చి ఉంటే అదే తీగ ద్వారా విద్యుత్తు కూడా అందుతుంది.

ఎంపిక

ఎన్ని లైన్లు కావలెనన్నది ఉద్యోగుల సంఖ్యను బట్టి గాక, రద్దీ వేళలో ఏకకాలంలో ఎన్ని కాల్స్ నడుస్తాయన్న దానిని బట్టి నిర్ణయించాలి. ఉదాహరణకు హైదరాబాదు పాతబస్తీలోని పత్తర్‌గట్టీలో ఒక ముత్యాల దుకాణాన్ని తీసుకొందాము. కింద అమ్మకపు బల్ల, పైన లెక్కల గది, యజమాని గది ఉన్నాయనుకొంటే ఫోన్లు మూడు కావాలి; కానీ ఒకేసారి ఇద్దరికంటె ఎక్కువమంది బయటివారితో మాట్లాడని పక్షంలో లైన్లు రెండు చాలును. అట్టిచోట రెండు బయటి లైన్లు, ఎనిమిది వరకు ఎక్స్‌టెన్షన్లు గల చిన్న ఈపీఏబీఎక్స్ తగినది. ఇద్దరే పనిచేసే లాడ్ బజారు గాజుల దుకాణానికి రెండు లైన్ల ఫోను ఒక్కటే సరిపోతుంది.

ఈ ప్రాంతంలోని పాత కట్టడాల మందపాటి రాతి గోడలు కార్డ్‌లెస్, వైఫై ఫోన్ల సంకేతాలను బలహీనపరుస్తాయి. కనుక తీగ ఫోన్లే నమ్మదగినవి. ఒక కంపెనీ డిజిటల్ కీ ఫోను సాధారణంగా మరొక కంపెనీ పెట్టెతో పనిచేయదు. కావున కొనే ముందు మరమ్మతు చేసేవారు, విడిభాగాలు దగ్గరలో దొరుకుతాయో లేదో విచారించాలి. మూసీకి ఆవలనున్న కోఠీలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ సామగ్రికి పేరుపొందినది.

దోషములు, నివారణ

దోషం లైనులో ఉన్నదా, లోపలి తీగలలో ఉన్నదా, ఫోనులో ఉన్నదా అని మొదట తేల్చుకోవాలి. బాగున్నదని తెలిసిన ఒక మామూలు ఫోనును బయటి తీగ వచ్చే మొదటి పెట్టెకు తగిలించి చూడాలి. అక్కడ డయల్ టోను రాకపోతే దోషం సేవాసంస్థ వైపున ఉన్నది. వస్తే దోషం మన వైపున ఉన్నది. రాగి తీగ లైనులో రిసీవరు పెట్టియున్నప్పుడు సుమారు 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తు ఉంటుంది. గంట మ్రోగేటప్పుడు 75 వోల్టులు దాటవచ్చును గనుక తీగలను వట్టి చేతులతో తాకరాదు.

* రెండవ లైను మాత్రమే పనిచేయకపోవుట: సాధారణంగా మొదటి లైను ప్లగ్గులోని నడిమి రెండు తీగలపై, రెండవది వాటికి ఇరువైపుల తీగలపై వస్తుంది. రెండు తీగల కార్డు వాడితే రెండవ లైను అందదు. నాలుగు తీగల కార్డు వేయాలి.
* ఖాతాదారులకు గంట వినిపించినా ఇక్కడ మ్రోగకపోవుట: ఒకే నంబరు కింద పలు లైన్లను వరుసగా కలిపే ఏర్పాటును హంటింగ్ అంటారు. ఇందులో ఒక లైను కార్డు ఊడినా, ఎక్స్ఛేంజి దానిని ఖాళీ లైనుగానే భావించి కాల్స్ పంపుతుంది. దుకాణంలో ఎవరికీ తెలియకుండానే బేరాలు పోతాయి. అప్పుడప్పుడు మిగతా లైన్లను వాడుకలో ఉంచి, సెల్‌ఫోనుతో ప్రధాన నంబరుకు పిలిచి పరీక్షించాలి.
* సెల్‌ఫోన్లకు కాల్స్ వెళ్ళకపోవుట: 2021 జనవరి 15 నుండి ల్యాండ్‌లైను ద్వారా సెల్‌ఫోనుకు పిలిచేటప్పుడు నంబరుకు ముందు సున్న చేర్చాలి. పాత మెమొరీ నంబర్లను సవరించాలి. ఈపీఏబీఎక్స్‌లో బయటి లైనుకు కూడా సున్ననే వాడుతుంటే రెండు సున్నలు నొక్కాలి. ఎస్టీడీ ఖర్చు తగ్గించుటకై సున్నను నిషేధించిన ఎక్స్‌టెన్షన్ల నుండి సెల్‌ఫోన్లకు కూడా కాల్స్ వెళ్ళవు.
* గురగుర శబ్దం: తడిసిన జాయింట్లు, కరెంటు తీగల పక్కనే ఫోను తీగలు సాగుట దీనికి ముఖ్య కారణాలు.

విద్యుత్తు లేనప్పుడు

రాగి తీగ లైనుకు ఎక్స్ఛేంజి నుండే విద్యుత్తు అందుతుంది. అందువలన కరెంటు పోయినా మామూలు ఫోను పనిచేస్తుంది. కానీ ఈపీఏబీఎక్స్, ఐపీ ఫోను, ఫైబరు కనెక్షను మోడెము పనిచేయవు. ఫైబరుకు మారిన కార్యాలయం మోడెమును, ఈపీఏబీఎక్స్‌ను ఒకే బ్యాటరీ యూపీఎస్‌కు కలపాలి. కరెంటు పోయినప్పుడు బయటి లైనును నేరుగా ఒక ఎక్స్‌టెన్షనుకు కలిపే సౌకర్యం కొన్ని ఈపీఏబీఎక్స్‌లలో ఉంటుంది. లైను రాగి తీగదైతే యూపీఎస్ లేకున్నా ఇది ఆదుకొంటుంది. ఏ నిషేధం పెట్టినా, అత్యవసర నంబర్లు 112, 108 మాత్రం ప్రతి ఎక్స్‌టెన్షను నుండి కలిసేటట్లు చూచుకోవాలి.