లేసు పువ్వు ధర ఎవరికి తెలుసు?

సొంతంగా చిన్న వ్యాపారం చేసుకునే స్త్రీల చేతికి స్మార్ట్‌ఫోను వచ్చింది. దీన్ని విమోచనగా కీర్తించేవారున్నారు, మార్కెట్టు మాయగా కొట్టిపారేసేవారూ ఉన్నారు. ఏది నిజమో తేలాలంటే శ్రమ దగ్గరకు వెళ్లాలి. నరసాపురం లేసునే తీసుకుందాం.

19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు చేరిన ఈ పనిపై జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక గ్రంథం వెలువరించారు. ప్రపంచ మార్కెట్టుకు అల్లే ఈ స్త్రీలు లోకం లెక్కలో గృహిణులే. వారిది తీరిక వేళ పని. కొందరిది చేతిపని, అంటే విడి పువ్వులు అల్లడం. కొందరిది అతుకుపని. దారం ఇచ్చి సరుకు పట్టుకుపోయేవాడు ఏజెంటు. తన పువ్వు ఏ బల్లగుడ్డలో చేరిందో, అది ఎంతకు అమ్ముడయిందో అల్లిన మనిషికి తెలియదు. దోపిడీకి ఆయువుపట్టు ఇదే.

ఫోను తాకింది సరిగ్గా ఇక్కడ. బల్లగుడ్డ ఫోటో వాట్సాప్‌లో పెట్టి అమ్మే స్త్రీకి కొనేవారెవరో తెలుస్తుంది, ధర తానే చెబుతుంది. 2016లో వచ్చిన యూపీఐతో డబ్బు నేరుగా ఖాతాలో పడుతుంది. కాని ఆ ఖాతా ఎవరి చేతిలో ఉంది? యూపీఐ నడిచేది బ్యాంకులో నమోదయిన ఫోను నంబరు మీద. ఆ సిమ్ము ఉన్న ఫోనులోనే అది పనిచేస్తుంది. పిన్ను పెట్టుకోవాలంటే డెబిట్ కార్డో ఆధారో కావాలి. పాస్‌బుక్కు మీద తల్లి పేరే ఉన్నా, నంబరు కొడుకుదయితే డబ్బు పడిన కబురు కొడుకు జేబులో మోగుతుంది. ఏజెంటు పోయి ఇంటివాడు వచ్చాడన్నమాట! ఈ వస్తువు మీద కథ రాసేవారు ఫోను కొనడం దగ్గర ఆగిపోకూడదు. నంబరు ఎవరిదో అడగాలి.

ఇంతకన్నా చిక్కయిన సంగతి ఇంకొకటుంది. పువ్వులు మాత్రమే అల్లే స్త్రీకి ఫోను ఉన్నా అమ్మడానికి సరుకు లేదు. విడి పువ్వు ఎవరు కొంటారు? దారానికి మదుపు పెట్టి, అతుకుపని చేయించి, సరుకు అమ్ముడయ్యేదాకా ఆగగలిగినవారే వ్యాపారులు కాగలరు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. అది ఊరి పేరును కాపాడుతుంది గాని పువ్వుకు కూలి నిర్ణయించదు. నిలదొక్కుకున్న స్త్రీ పొరుగువారికి దారం పంచి, పువ్వుకింత అని కట్టి ఇస్తే, ఆమెను ఏమని పిలుస్తాం? స్త్రీ గనుక ఏజెంటు కాదనలేం. గృహిణి లెక్కలోంచి బయటపడి తన పేరున బిల్లు రాసుకోవడం గెలుపు కాదనీ అనలేం. ఆ బిల్లులో దారం ఖరీదు ఉంటుంది, కొరియరు ఖర్చు ఉంటుంది. పొరుగామె అల్లిన గంటలు ఉండవు.