హాస్య చిత్రాలు – కథోలిక మతభావనలు: ‘డాగ్మా’ చిత్ర పరిశీలన

ఒక హాస్య చిత్రం మతస్థుల మనసు నొప్పించిందని వార్త రాగానే మనం వెంటనే వేసుకునే ప్రశ్న ఒకటే: దాన్ని నిషేధించాలా, వద్దా? ఈ పాఠ్యభాగంలో ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం. ముందుగా తేల్చుకోవలసింది మరొకటి ఉంది. నొప్పించింది సరిగ్గా ఏది? విశ్వాసాన్నా, ఆచారాన్నా, గురువులనా, చిహ్నాన్నా? ఇది తేల్చకుండా రాసిన సమాధానం ఎంత పొడవున్నా గాలిలో కొట్టిన దెబ్బే.

ఇందుకు 1999లో విడుదలైన అమెరికన్ చిత్రం ‘డాగ్మా’ను తీసుకుందాం. దర్శకుడు కెవిన్ స్మిత్ కథోలికుడిగా పెరిగినవాడు. శ్రీసభ తప్పక విశ్వసించాలని ప్రకటించిన సత్యాన్ని ‘డాగ్మా’ అంటారు. కథ ఇది: స్వర్గం నుంచి వెళ్లగొట్టబడిన ఇద్దరు దేవదూతలు విస్కాన్సిన్ రాష్ట్రంలో కాలం గడుపుతుంటారు. న్యూజెర్సీలోని ఒక చర్చి ద్వారం గుండా నడిచినవారికి ‘ప్లీనరీ ఇండల్జెన్స్’ దొరుకుతుందని వారికి తెలుస్తుంది. ఆ ద్వారం దాటి, మనుషులుగా మారి చనిపోతే మళ్లీ స్వర్గంలోకి వెళ్లవచ్చని వారి లెక్క. భూమి మీద శ్రీసభ బంధించింది పరలోకంలోనూ బంధించబడుతుంది, విప్పింది విప్పబడుతుంది అనే బోధను ఆధారం చేసుకుని ఈ చిక్కుముడి అల్లారు. వారు స్వర్గంలోకి వెళితే దేవుడి తీర్పు తప్పని తేలుతుంది, తేలితే సృష్టే ఉండదు. గమనించండి, ఈ బోధ తెలియనివాడికి ఇక్కడ నవ్వే రాదు. మతాన్ని బయటి నుంచి ఎగతాళి చేసేవాడు ఇంత శ్రమ పడడు.

ఇండల్జెన్స్ అంటే ఏమిటో కొంచెం వివరంగా చూద్దాం. మీ గేదె పక్కవారి చేలో పడి మేసిందనుకోండి. మీరు వెళ్లి తప్పు ఒప్పుకున్నారు, ఆయన ‘పోనీలెండి’ అన్నాడు. క్షమాపణ దొరికింది కానీ మేసిన పైరు తిరిగి రాలేదు, ఆ నష్టం మీ మీదే ఉంది. కథోలిక బోధలో పాపసంకీర్తనం ద్వారా దోషం పోతుంది, దాని తాలూకు తాత్కాలిక శిక్ష మిగులుతుంది. ఆ శిక్షను తొలగించేదే ఇండల్జెన్స్. అది పూర్తిగా తొలగాలంటే పాపసంకీర్తనం చేయాలి, దివ్యసత్ప్రసాదం స్వీకరించాలి, పోపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థించాలి, పాపం మీది మమకారాన్ని వదులుకోవాలి. ఉత్త ద్వారం దాటితే సరిపోదు. అంటే సినిమా కథకు ఆధారమైన పాయింటే శాస్త్రప్రకారం నిలవదు. అయినా జనాన్ని వీధిలోకి తెచ్చింది ఈ తప్పు కాదు.

చిత్రంలో ఒక కార్డినల్ ఉంటాడు. సిలువ మీది క్రీస్తు రూపం జనాన్ని దిగులుపెడుతోందని, దాని స్థానంలో కన్నుగీటుతూ బొటనవేలు పైకెత్తి నవ్వే క్రీస్తు విగ్రహాన్ని ఆవిష్కరిస్తాడు. ఇక్కడ వెక్కిరింత క్రీస్తు మీద కాదు, భక్తిని సబ్బుబిళ్లలా అమ్మజూసే వ్యాపార బుద్ధి మీద. దేవుడి పాత్రను ఒక స్త్రీ, గాయని అలనిస్ మోరిసెట్ వేయడం కూడా కొందరికి మింగుడుపడలేదు. కానీ దేవుడు పురుషుడూ కాదు, స్త్రీ కాదు అని కథోలిక సత్యోపదేశమే చెబుతోంది.

అసలు ముల్లు వేరేచోట ఉంది. కథానాయిక బెతనీ యేసు తోబుట్టువుల సంతతికి చెందినదని చిత్రం చెబుతుంది. అంటే మరియమ్మకు, యోసేపుకు వేరే పిల్లలు ఉన్నారన్నమాట. మరియమ్మ నిత్యకన్య అన్నది కథోలికులకు విశ్వాస సత్యం. సువార్తలలోని ‘యేసు సోదరులు’ దగ్గరి బంధువులని వారి వివరణ. పైగా పదమూడో అపోస్తలుడినని చెప్పుకునే పాత్ర ఈ సంగతిని మొరటు పరిహాసంగా మాట్లాడుతుంది. ఒక సంపర్క తరగతిలో నేను ఈ కథ చెప్పినప్పుడు, విగ్రహం ముచ్చటకు పకపకా నవ్విన ఒక ఆర్.సి.ఎం. విద్యార్థిని ఈ భాగం రాగానే తల దించుకుంది. పక్కనే కూర్చున్న లూథరన్ యువకుడికి ఆమె ఎందుకు నొచ్చుకుందో అర్థం కాలేదు. అతని సంఘంలో ఈ విషయానికి అంత పట్టింపు లేదు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది బైబిలే. ‘క్రైస్తవుల మనోభావాలు’ అని గంపగుత్తగా రాయకండి అని నేను పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

నిరసనకు ముందు నిలిచింది ‘కాథలిక్ లీగ్’. ఇది 1973లో ఏర్పడిన సామాన్య విశ్వాసుల సంస్థ, శ్రీసభ అధికారిక విభాగం కాదు. డిస్నీ సంస్థకు చెందిన మిరామాక్స్ నుంచి చిత్రం చేతులు మారింది, చివరికి లయన్స్ గేట్ విడుదల చేసింది. ఇది హాస్య కల్పన మాత్రమేనని చిత్రం మొదట్లోనే ఒక ప్రకటన వేశారు. అందులో ప్లాటిపస్ జంతువును అభిమానించేవారికి కూడా క్షమాపణ చెప్పారు! స్మిత్ అయితే న్యూజెర్సీలో ఒక థియేటర్ ముందు నిరసనకారుల గుంపులో కలిసిపోయి, తన చిత్రాన్నే తిట్టే అట్టను పట్టుకుని నిలబడ్డాడు. ఈ చిలిపితనం నాకు నచ్చుతుంది కానీ, ఆ గుంపులో జపమాల తిప్పుతూ నిలబడే వారి బాధ నటన కాదని కూడా మరువరాదు.

ఈ వివాదం వీధిలోనే ఎందుకు నడిచింది, కోర్టుకు ఎందుకు పోలేదు? రొసెల్లినీ తీసిన ‘ది మిరకిల్’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1952లోనే, దైవదూషణ అన్న కారణంతో చిత్రాన్ని ఆపే అధికారం ప్రభుత్వానికి లేదని తేల్చింది. ఇటలీలో పరిస్థితి వేరు. కథోలిక మతం రాజ్యమతంగా ఉన్న కాలంలో, 1963లో, పసోలినీ ‘లా రికోత్తా’ తీశాడు. క్రీస్తు సిలువ దృశ్యపు షూటింగులో మంచి దొంగ వేషం వేసే నిరుపేద, ఆకలి మీద అతిగా తిని సిలువ మీదే ప్రాణం విడుస్తాడు. రాజ్యమతాన్ని అవమానించాడని దర్శకుడికి నాలుగు నెలల జైలుశిక్ష పడింది, అప్పీలులో అది రద్దయింది. 1964లో అదే పసోలినీ మత్తయి సువార్తను చిత్రంగా తీసి పోప్ 23వ జాన్ స్మృతికి అంకితమిచ్చాడు. దానికి అంతర్జాతీయ కథోలిక చలనచిత్ర సంస్థ బహుమతి కూడా వచ్చింది.

అభ్యాసం: మీరు చూసిన, ఏదైనా మతానికి సంబంధించిన ఒక హాస్య సన్నివేశాన్ని తీసుకోండి. అందులో నవ్వు ఎవరి మీద? నొచ్చుకునేవారు ఏ బోధను బట్టి నొచ్చుకుంటారు? ఆ బోధను ఆ మతస్థులలో ఒకరిని అడిగి తెలుసుకుని, వారి మాటల్లోనే ఒక పుటకు మించకుండా రాయండి. మీ అభిప్రాయాన్ని రెండో పుటలో రాయండి.