వార్తల్లో పదం: లూసీ చట్టం

లూసీ ఒక ఆడకుక్క. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ జాతిది. పిల్లల్ని ఈనించి అమ్ముకోవడమే వ్యాపారంగా నడిచే పప్పీ ఫామ్ ఒకటి బ్రిటన్‌లోని వేల్స్‌లో ఉండేది. 2013లో అక్కడి నుంచి లూసీని కాపాడారు. ఏళ్ల తరబడి ఇరుకు బోనులో ఈత మీద ఈత. వెన్ను వంగిపోయింది, తుంటి కీళ్లు బిగుసుకుపోయాయి, ఒంటిమీద బొచ్చు ఊడిపోయింది. 2016లో చనిపోయింది.

పశువైద్యుడు మార్క్ అబ్రహాం, ఆయనతో కలిసినవాళ్లు ఊరుకోలేదు. వాళ్ల ప్రచారం వల్ల లూసీ పేరుతో వచ్చిన చట్టం 2020 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లాండ్‌లో అమల్లో ఉంది. ఆరు నెలల్లోపు కుక్కపిల్లల్ని, పిల్లికూనల్ని దళారులు, దుకాణాలు అమ్మకూడదు. కొత్త పిల్ల కావాలంటే పుట్టినచోటికే వెళ్లి, తల్లితోపాటు చూసి కొనాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది: పిల్ల ఎక్కడైనా ముద్దుగానే ఉంటుంది, తల్లిని చూస్తేనే గుట్టు తెలుస్తుంది.

మన దేశంలో 2017 నిబంధనల ప్రకారం కుక్కపిల్లల్ని ఈనించి అమ్మే బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఫోన్లో ఫొటో చూసి అడ్వాన్సు పంపేముందు ఒక్కమాట అడగండి: ‘‘తల్లిని చూపిస్తారా?’’ కుదరదంటే కొనకండి.